నుతైలా నోటి మాట

బస్రా నగరంలో అబూ జయ్యాన్ పండితుడి ఇంటి గడప దాటి నుతైలా బయట అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. తిండికి లోటని అనడానికి వీల్లేదు. పొద్దున్నే వేడి రొట్టె, నెయ్యి, ఖర్జూరాలు. మధ్యాహ్నం మాంసం పులుసు. పడుకోవడానికి మెత్తటి పరుపు. ఎడారిలో పుట్టి, మేకల వెంట తిరిగి, కరువొస్తే తుమ్మబంక నమిలి కడుపు నింపుకున్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అని ఆ వీధిలో ఆడవాళ్ళంతా అనేవారు. అనేవాళ్ళదేం పోయింది, అంటారు. గోడ అవతల ఉన్నవాళ్ళకి గోడ ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది.

ఆమె చేసిన నేరమల్లా మాట బాగా తెలిసి ఉండడమే.

ఆ రోజుల్లో బస్రా పండితులకు మాటల పిచ్చి పట్టుకుంది. పాత పాటల్లో, పవిత్ర గ్రంథంలో ఉన్న పదాలకు అర్థం చెప్పగల ముసలివాళ్ళు ఒక్కొక్కరే మట్టిలో కలిసిపోతున్నారు. ఊళ్ళోవాళ్ళ భాషను పండితులు నమ్మరు. పారశీకులు, ఓడలవాళ్ళు, సంత దళారులు అందరూ కలిసి దాన్ని కలగాపులగం చేసేశారు. ఎడారి మనిషి నోట వచ్చిందే అసలైన అరబ్బీ. అందుకని ఊరి అంచున ఒంటెల సంతకు గుడారాలవాళ్ళు దిగగానే పండితులు ఈగల్లా ముసిరేవారు. దీన్నేమంటారు, దాన్నేమంటారు అని చంపుకుతినేవారు. అయితే ఆ ఎడారి మనిషి కూడా ఊళ్ళో నాలుగు నెలలు తిరిగి, సంత మాటలు నాలుకకు అంటించుకున్నాడో, ఇక వాడి సాక్ష్యం చెల్లదు. "వీడి తోలు మెత్తబడింది" అని పక్కన పెట్టేసేవారు.

అబూ జయ్యాన్ తెలివైనవాడు. మనిషిని సంతలో పట్టుకోవడమెందుకు, ఇంట్లోనే ఉంచుకుంటే పోలేదా అనుకున్నాడు. ఉంచుకుని, పాలు తోడుకోకుండా కుండను మజ్జిగచుక్కకు దూరంగా పెట్టినట్టు, ఊరివాళ్ళ మాట ఆమె చెవిన పడకుండా చూశాడు. వంటింట్లో మాహీన్ అనే పారశీక పనిమనిషి ఉండేది. నవ్వుమొహం పిల్ల. నుతైలా ఒకసారి ఉప్పుగిన్నె చూపించి, "మీ వాళ్ళు దీన్నేమంటారే?" అని అడిగింది. మాహీన్ బిక్కచచ్చిపోయి పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆ తరువాత ఆ పిల్ల పళ్ళెం పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయేది. ఒక మనిషి ఇంకో మనిషిని ఉప్పు అడగడానికి కూడా వీల్లేని ఇల్లది.

ఈ ఇంటికి ఆమెను తెచ్చి అప్పగించింది సొంత తమ్ముడే. పేరు జర్వల్. మొగుడు పోయిన ఏడాదే కరువు కూడా వచ్చింది. "వానలు పడేదాకానే అక్కా. పడగానే వచ్చి తీసుకుపోతాను" అన్నాడు. వానలు పడ్డాయి. అతనూ వచ్చాడు. పండితుడు ఇచ్చిన ఖర్జూరం బస్తాలు, నూలుబట్ట ఒంటె మీద వేసుకుని, "వచ్చేసారి" అని వెళ్ళాడు. వచ్చేసారీ అంతే. ఆ ఖర్జూరాలతో గుడారంలో పిల్లలు బతుకుతున్నారు కదా అని నుతైలా తనకు తాను చెప్పుకునేది. చెప్పుకుని, గోడకు మొహం తిప్పి పడుకునేది.

ఈసారి వసంతంలో వచ్చినప్పుడు జర్వల్ ఒక వార్త తెచ్చాడు.

"లుబైనాకి నెలలు నిండుతున్నాయక్కా."

లుబైనా ఆమె ఒక్కగానొక్క కూతురు. నుతైలాకు ఆ మాట వినగానే సంతోషం కలగలేదు. లుబైనాకన్నా ముందు ఆమె మోసిన బిడ్డలు బయటికి రాలేక కడుపులోనే పోయారు. తన ఎముకలు ఇరుకు. కూతురిదీ అచ్చం తన ఒళ్ళే. అడ్డం తిరిగిన బిడ్డను కడుపు మీద చేత్తో సర్దడం ఆ గుడారాల్లో తెలిసినది తన తల్లికే. తల్లి తరువాత తనకే. ఇంకెవరికీ రాదు.

"నన్ను తీసుకుపో" అంది. "ఈసారి వచ్చేసారి లేదు. నేను లేకపోతే అది చచ్చిపోతుందిరా."

"నేను కాదన్నానా? ఆయన్నడుగు" అన్నాడు జర్వల్, బస్తాలకేసి చూస్తూ.

అబూ జయ్యాన్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు, శపించుకోవచ్చు. ఆయన ఆమె ఎదురుగా ఎప్పుడూ చాపమీదే కూర్చునేవాడు, "అమ్మా" అనే పిలిచేవాడు, ఆమె జ్వరపడితే స్వయంగా తడిగుడ్డ వేసేవాడు. అంతా విని, గడ్డం నిమురుకుని, "వెళ్ళమ్మా, తల్లివి, వెళ్ళకపోతే ఎలా" అన్నాడు. "ఒక్క మాట మాత్రం చెప్పి వెళ్ళు. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు వసారాలో సభ ఉంది. అక్కడ చెప్పు. చెప్పిన రోజే నీ దారి నీది."

"ఏ మాట?"

"బలియ్య."

నుతైలా చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

ఆయన చూసుకోలేదు. ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. "పాత పాటల్లో వస్తుంది. ఒంటెకు సంబంధించిందని తెలుసు. అరిగిపోవడం, చివికిపోవడం అనే ధాతువు నుంచి వచ్చిందని నేనంటాను. కాదు, పరీక్ష, కష్టం అనే దాంట్లోంచి వచ్చిందని అవతలివాళ్ళు. ఆ రెండూ దగ్గరి చుట్టాలే అనుకో. కానీ ఆ మాట అన్నప్పుడు ఎడారివాళ్ళ కంటి ముందు ఏం కనిపించేది? అది చెప్పే మనిషి దొరకలేదు. నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు" అంది. ఆమెకు అబద్ధం అలవాటు లేదు.

ఆ సంగతి వాకిట్లో తమ్ముడికి చెప్పగానే అతని మొహం నల్లబడింది.

"నీకేమైనా మతి పోయిందా? ఆ మాట సభలో చెబుతావా?"

"ఒక్క మాటే కదరా. చెబితే పంపిస్తానంటున్నాడు."

"తాత సమాధి దగ్గర మన పెద్దాళ్ళు ఒంటెను కట్టారా లేదా? ప్రవక్త వచ్చి ఇన్ని తరాలయ్యాక కూడా మనోళ్ళు ఆ పాడుపని చేశారని ఊరికి తెలిస్తే ఏమవుతుంది? వీళ్ళసలు ముసల్మానులే కాదంటారు. సభలో అమీరు మనుషులుంటారు. మన బావి లాక్కుంటారు, గుడారాలు పీకిస్తారు. తెలీదని చెప్పు."

"తెలీదంటే ఆయన పంపడు."

"చెప్పావో, నేను తీసుకుపోను. నా ఒంటె మీద నీకు చోటు లేదు. తర్వాత నీ ఇష్టం."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో ఎక్కడో ఇసుకలో, తన చేతుల కోసం ఎదురుచూస్తూ ఒక కూతురు. నుతైలా శుక్రవారం దాకా సరిగ్గా తినలేదు. ఆలోచించి ఆలోచించి చివరికి ఒక దారి కనిపెట్టింది. ఎప్పుడో పూర్వకాలం సంగతిగా చెప్పాలి. ఎవరో ఎక్కడో చేసేవారట, అవ్వ చెప్పగా విన్నాను అనాలి. అలా అంటే పండితుడికి మాట దక్కుతుంది, తమ్ముడి పరువు దక్కుతుంది, తనకు దారి దొరుకుతుంది. ఇంత చిన్న సంగతికి ఇన్నాళ్ళు ఏడ్చానా అనుకుంది.

శుక్రవారం వసారా నిండిపోయింది. స్తంభం పక్కన ముసుగు వేసుకుని ఆమె కూర్చుంది. జర్వల్ వెనక చెప్పుల దగ్గర నిలబడ్డాడు. ఒంటెలకు బరువులు కట్టేసే వచ్చాడు, సభ అవగానే ప్రయాణం.

"చెప్పమ్మా" అన్నాడు అబూ జయ్యాన్.

"పూర్వకాలంలో, ప్రవక్త రాకముందు అజ్ఞానపు రోజుల్లో, ఎవరో చేసేవాళ్ళట. మా అవ్వ చెప్పేది" అని మొదలుపెట్టింది. గొంతు నిలకడగానే ఉంది. "ఇంటి యజమాని చచ్చిపోతే అతని ఆడ ఒంటెని సమాధి దగ్గర కట్టేసేవాళ్ళు. దాన్నే బలియ్య అనేవాళ్ళు. మేత పెట్టరు, నీళ్ళు పెట్టరు. అదీ చచ్చేదాకా అక్కడే. మళ్ళీ లేచే రోజున యజమాని దాన్నెక్కి వెళతాడని. కట్టనివాడు ఆ రోజు అందరి వెనక కాళ్ళీడ్చుకుంటూ నడవాల్సిందేనని."

వసారాలో కలాల చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్కడితో ఆపితే సరిపోయేది. ఆపేసింది కూడా. కానీ ముందు వరసలోంచి ఎవరో అడిగారు: "తల ఎటు ఉంచేవారత్తా? కొందరు వెనక్కి తిప్పేవారంటారు."

"వెనక్కే" అంది. "మెడ విరిచినట్టు తోకవైపు తిప్పి తాడుతో బిగిస్తారు. జీను కింద వేసే గుడ్డకి కన్నం పెట్టి మెడలో తొడుగుతారు. మోకాళ్ళు మడిచి కడతారు. మొదట్లో అరుస్తుంది. తర్వాత అరవదు, పళ్ళు నూరుతుంది. కళ్ళు మాత్రం ఎవరొస్తే వాళ్ళ వెంట తిరుగుతాయి. మూపురం కరిగిపోయి చర్మం ఖాళీ సంచిలా పక్కకి పడిపోతుంది. చాటుగా నీళ్ళు తీసుకెళితే నాలుక కదపలేదు. నోట్లో పోయాలి. ఎర్రది, షక్రా దాని పేరు. పిల్లప్పుడు నన్ను మోసిన ఒంటె. దోసిట్లో నీళ్ళు పట్టుకుని పరిగెత్తేదాన్ని, సగం దారిలోనే కారిపోయేవి. మిగిలిన నాలుగు చుక్కలూ పోసేదాన్ని. ఆ నాలుగు చుక్కలతోనే అది ఇంకా బతికింది. మిగతావాళ్ళ ఒంటెలు ఎప్పుడో పోయేవి, నాది పోలేదు. నేను కదా దాన్ని అన్నాళ్ళు చంపింది. ముడి నా చేతికి అందేదే. తాత నడిచి వెళ్ళాల్సొస్తుందని విప్పలేదు."

చెప్పిందేమిటో అప్పటికి గానీ ఆమెకు తెలియలేదు. చెప్పుల వైపు తల తిప్పింది. జర్వల్ అక్కడ లేడు.

తమ్ముడు భయపడినట్టు జరిగిందా అంటే, ఏమీ జరగలేదు. అమీరు మనుషులు ఉన్నారు, ఆవులించారు, వెళ్ళిపోయారు. ఆ జనానికి పాపం పట్టలేదు, పుణ్యం పట్టలేదు. "మూపురం కరిగిపోయిందంది, విన్నారా? అరిగిపోవడమే" అని అబూ జయ్యాన్ శిష్యులు. "అన్నాళ్ళు నీళ్ళు లేకుండా పడి ఉందంటే పరీక్ష కాక మరేమిటి" అని అవతలివాళ్ళు. ఒంటెను చెరో కాలూ పట్టి లాగారు. స్తంభం దగ్గర ముసుగులో ఒక ఆడమనిషి చెప్పుల వైపే చూస్తూ కూర్చుందని ఆ మహాపండితుల్లో ఒక్కడికీ తోచలేదు.

ఇంటికి వచ్చాక అబూ జయ్యాన్ ఆమె ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మా, నేను ఊహించలేదు. మాట అర్థం చెబుతావనుకున్నాను, మాటను తెచ్చి కళ్ళ ముందు నిలబెట్టావు. ఇలాంటివి నీ కడుపులో ఇంకెన్ని ఉన్నాయో. నిన్ను పంపిస్తే అవన్నీ ఇసుకలో కలిసిపోతాయి. దేవుడికి నేనేం జవాబు చెప్పను?"

"మాట ఇచ్చారు మీరు."

"ఇచ్చాను. ఈ ఒక్క ఏడాదీ ఆగు. నీ తమ్ముడికి రెట్టింపు పంపాను."

"తీసుకున్నాడా?"

"తీసుకున్నాడు. బయల్దేరిపోయాడు."

అంత బాగా చెప్పకపోతే వదిలేసేవాడేమో. నీళ్ళు నమిలి, తడబడి, సగం చెప్పి ఉంటే వెళ్ళిపోయేది. తన నోరే తనను కట్టేసింది. నుతైలా ఆ రోజంతా ఏడ్చింది. ఏడుపు అయిపోయాక ఆమెలో ఏదో గట్టిపడింది.

మర్నాడు శిష్యులు వచ్చి కూర్చున్నారు.

"అత్తా, రెండో ఏడు దాటిన ఒంటెపిల్లనేమంటారు?"

"తెలీదు."

"పోనీ, వాన కురిసి వెలిసిన మబ్బుని?"

"తెలీదు."

అలిగింది, రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నారు. సర్దుకోలేదు. అబూ జయ్యాన్ బతిమాలాడు. దిష్టి తగిలిందని ఆయన భార్య ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. వైద్యుడు వచ్చి నాలుక చూసి, "బానే ఉందే" అన్నాడు. కొత్త పట్టుచాదరు తెచ్చి, "దీన్ని మీరేమంటారమ్మా" అని ఆశగా అడిగారు. తెలీదు. పులుసు బాగుందా? తెలీదు. దాహం వేస్తోందా? తెలీదు. ఆమె దగ్గర ఉన్న సొత్తంతా ఆ మాటలే. ఒక్కొక్కటే మింగేసింది. ఎండాకాలం పోయింది, చలికాలం పోయింది, మళ్ళీ ఎండలొచ్చాయి. లుబైనా బతికిందా, పోయిందా? జర్వల్ ఆ తరువాత ఈ ఇంటి వైపు రాలేదు. అడుగుదామంటే ఎవర్ని అడగాలి? అడగాలంటే నోరు తెరవాలి కదా.

ఒక్క భయం మాత్రం ఆమెను పీక్కుతినేది. మొదట్లో తెలిసి తెలీదనేది. రానురాను, నిజంగానే కొన్ని మాటలు రావడం మానేశాయి. చీపురుపుల్ల వంక చూస్తూ దాని పేరేమిటో గుర్తు తెచ్చుకోలేక చెమటలు పట్టిన రోజులున్నాయి. తలుపు తీసుకోవడానికి ఇల్లే తగలబెట్టుకుంటున్నానా అనుకునేది.

చివరికి ఆ ఇంట్లోనూ ఆశ చచ్చిపోయింది. "ఈ బావి ఎండిపోయింది" అన్నారు శిష్యులు. ఎడారికి వెళ్ళే ఎవరిదో బిడారుతో పంపేద్దామన్నారు. గడప దగ్గర అబూ జయ్యాన్ ఒక ఉన్ని కంబళి ఆమె భుజాల మీద కప్పాడు. ఆయన ముసలివాడైపోయాడు.

"నా మీద కోపమా అమ్మా?"

"తెలీదు" అంది నుతైలా, గడప దాటింది.

లుబైనా బతికే ఉంది. గుడారం బయట కర్ర ఊతంగా నిలబడి మేకపాలు వడగడుతోంది. నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. బిడ్డ కాళ్ళతో అడ్డం తిరిగిందట, తెలియని చేతులు ఇష్టమొచ్చినట్టు లాగాయట. ఆడపిల్ల దక్కింది కానీ, లుబైనా ఇక కనలేదు, సరిగ్గా నడవలేదు. తల్లిని చూసి ఆమె ఎదురు రాలేదు.

"ఇప్పుడొచ్చావా" అంది. "నీకోసం అరిచానమ్మా. గొంతు పోయేదాకా అరిచాను. మామ చెప్పాడులే. నెయ్యి తింటూ, ఊళ్ళో పండితులకి కథలు చెప్పుకుంటూ, రానన్నావంట."

అబద్ధమని అరవాలనిపించింది నుతైలాకు. మీ మామ నన్ను అమ్ముకున్నాడు, నీ కోసమే నోరు కట్టేసుకున్నాను, నీ ఒక్కదాని కోసమే. లోపల అంతా ఉంది. నోరు తెరిచింది. ఇన్నాళ్ళ అలవాటున వచ్చింది ఒకటే మాట.

"తెలీదు."

లుబైనా ఆమె వంక ఒక్క క్షణం చూసి, మళ్ళీ పాలు వడగట్టుకోవడం మొదలుపెట్టింది.

గుడారంలోంచి ఒక చిన్నది తప్పటడుగులు వేసుకుంటూ వచ్చింది. షైమా దాని పేరు. కొత్త మనిషిని చూసి జంకలేదు. నుతైలా ఒళ్ళో చేరి కంబళి అంచు నోట్లో పెట్టుకుంది. కొత్తగా మాటలు వస్తున్నాయేమో, కనబడ్డ ప్రతిదాన్నీ వేలితో చూపిస్తోంది. గుడారం పక్కన తాడు కొరుకుతున్న మేకను చూపించి, అవ్వ గడ్డం పట్టుకుని తిప్పింది.

"ఇదేంటి?"

ఎన్ని వందలసార్లు విన్న ప్రశ్న అది. నుతైలా పిల్ల వేలు చూపిన వైపు తిరిగింది. మేకను చూసింది. మెడ కింద కుచ్చులు, గోధుమరంగు చెవులు. చిన్నప్పటి నుంచి మేకల మధ్యే పెరిగింది. ఈనిన మేకకొక పేరు, ఎండిపోయిన మేకకొక పేరు, కొమ్ము విరిగినదానికొక పేరు ఉండేవి. ఎంత వెతికినా గొంతులోకి ఒక్కటీ రాలేదు.

"తెలీదు" అంది. ఈసారి అబద్ధం కాదు. చెంపల మీద కన్నీళ్ళు కారిపోతున్నాయి.

షైమాకు నవ్వొచ్చింది. ఇంత పెద్ద అవ్వకు ఇంత చిన్న సంగతి తెలియకపోవడమేమిటి? నోటికి బాగా దగ్గరగా వచ్చి, పాలపళ్ళు బయటపెట్టి, నెమ్మదిగా, తప్పు పోకుండా చెప్పింది.

"మేక. అను. మేక."

నుతైలా పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. పిల్ల ఆ పెదవులను వేళ్ళతో పట్టుకుని మళ్ళీ చెప్పింది.

"మేక" అంది నుతైలా.

లుబైనా చేతిలోని గిన్నె కింద పెట్టింది. కర్ర పట్టుకుని, ఒరిగిపోయిన నడుముతో రెండడుగులు వేసి, తల్లి పక్కన ఇసుకలో మెల్లగా కూలబడింది. తల్లి మొహాన్ని చాలాసేపు చూసింది.

"ఇంకోటి చెప్పవే షైమా" అంది కూతురితో. "అవ్వకి ఇంకోటి నేర్పు."